కౌజు పిట్టలు, కూజా నీళ్లు



సెప్టెంబరు 1, తెల్లవారుజాము. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, నైరుతి కొసన కొలరాడో నది పక్కన యూమా అనే ఊరు. ఊరి బయట కోత అయిపోయిన పొలం గట్టు మీద ఒక మనిషి ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. పొద్దు పొడవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. చొక్కా అప్పుడే వీపుకు అంటుకుపోయింది. కాళ్ల దగ్గర ఐసు పెట్టె, పక్కన నీళ్ల డబ్బా, ఒళ్లో షాట్‌గన్. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చుకోవచ్చు. అంతకు ఒక్క నిమిషం ముందు పేల్చినా నేరమే.

ఈ ప్రసంగంలో ఆ మనిషికి పేరు లేదు. ఆ ఎడారిలో ఏటా తుపాకీ పట్టే వేలమందిలో ఎవరైనా కావచ్చు. కుళాయిలు బాగుచేసేవాడో, బడి పంతులో, చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాడో అనుకోండి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎడారిలో అతని వేట ఎలా సాగుతుందో చెప్పుకుందాం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేట ముగిసిన ముచ్చట. అక్కడ మాత్రం అది లైసెన్సు, లాటరీ, లెక్కాపత్రం ఉన్న వ్యవహారం. మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో వినేవాళ్ల ఇష్టం.

ఇవాళ మొదలయ్యేది గువ్వల వేట. ఉత్తర అమెరికా వలస పక్షుల కోసం 1918లో చేసిన చట్టం వల్ల సెప్టెంబరు 1కి ముందు గువ్వల వేట తెరవడానికి వీల్లేదు. అందుకే ఆ తేదీ కోసం యూమా ఏడాదంతా ఎదురుచూస్తుంది. హోటళ్లు నిండిపోతాయి, టిఫిన్ దుకాణాలు అర్ధరాత్రి నుంచే దీపాలు పెడతాయి. తాత, కొడుకు, మనవడు ఒకే గట్టు మీద వరసగా కూర్చున్న దృశ్యం మామూలే.

వచ్చే గువ్వలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బూడిదరంగుది, కూత ఏడుపులా ఉంటుంది. రెండోది కాస్త పెద్దది, ఎగిరితే రెక్క మీద తెల్లని పట్టీ కనిపిస్తుంది. మనిషికి రోజుకు రెండూ కలిపి 15, అందులో తెల్లరెక్కవి 10కి మించకూడదు. అందుకే ఇంటికి పట్టుకెళ్లే పిట్టకు ఒక రెక్క ఈకలతో ఉంచి తీరాలి. అధికారి ఐసు పెట్టె మూత తీస్తే ఏది ఏదో తెలియాలి కదా.

వేటగాడి గుబులు మాత్రం అధికారి గురించి కాదు, మబ్బు గురించి. ఆగస్టు చివర్లో ఒక్క పెద్ద గాలివాన వచ్చి నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, తెల్లరెక్క గువ్వలు మూటాముల్లె సర్దుకుని మెక్సికో దారి పడతాయి. ఏడాది పొడుగునా వాన కోసం మొక్కే మనిషి, ఆ ఒక్క వారం మాత్రం వాన రావొద్దని మొక్కుతాడు.

ఐదున్నర దాటాక మొదటి చప్పుళ్లు. ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యేసరికి గట్లు ఖాళీ. అప్పటికి ఎండ చురుక్కుమంటుంది, మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. పిట్టల్ని అక్కడికక్కడే శుభ్రం చేసి ఐసులో పెట్టాలి. అరగంట అశ్రద్ధ చేస్తే మాంసం పనికిరాదు.

ఇక ఎడారి సంగతి. ఎడారి అనగానే మన మనసులో ఇసుకదిబ్బలు, ఒంటెలు మెదులుతాయి. ఇది ఆ ఎడారి కాదు. సొనోరా ఎడారి అంటారు. సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు, అరిజోనా, కాలిఫోర్నియాల నుంచి మెక్సికోలోకి పరుచుకుని ఉంటుంది. రాళ్ల కొండలు, ముళ్ల చెట్లు, ఎండిన వాగులు. అనంతపురం జిల్లాలో పెరిగినవాళ్లను తీసుకెళ్లి అక్కడ దింపితే ఇదేదో మన ఊరి చివర గుట్టే అనుకుంటారు. కారణం ఉంది. మన పొలం గట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి తెచ్చిందే. ఆ ఎడారి వాగుల వెంట పెరిగే మెస్కీట్ చెట్టు దానికి దగ్గరి చుట్టం. చేటల్లాంటి మట్టలతో మన కంచెల్లో కనిపించే నాగజెముడు పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. అయితే అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. టూసాన్ నగరంలో అందులో దాదాపు సగం. యూమాలో 100 కూడా ఉండదు.

ఆ కాస్త వానా రెండు విడతలు. చలికాలంలో పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే సన్నటి ముసురు ఒకటి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో దబదబా కురిసి పోయే వాన రెండోది. దీన్ని వాళ్లు కూడా మాన్‌సూన్ అనే పిలుస్తారు. ఎడారుల్లో ఇంత పచ్చగా, ఇన్ని జంతువులతో ఉన్నది అరుదు అంటే, ఈ రెండు వానల చలవే. ఏ జంతువు ఎప్పుడు ఈనాలి, ఏ పిట్ట ఎప్పుడు గుడ్లు పెట్టాలి అన్నది కూడా వీటిని బట్టే. అక్కడి వేటగాడు తుపాకీ నూనెకంటే ముందు వాన లెక్క చూసుకుంటాడు.

అక్టోబరులో కౌజుల వేట తెరుస్తారు. మన కౌజు పిట్టకు ఇది దూరపు బంధువు. గాంబెల్ కౌజు అంటారు. బరువు 170 గ్రాముల చిల్లర. నుదుటి మీద కామాలా ముందుకు వంగిన నల్లటి తురాయి. అది ఊగించుకుంటూ పొదల మధ్య గుంపుగా నడుస్తుంటే పెళ్లివారు తరలిపోతున్నట్టే ఉంటుంది.

ఈ పిట్ట జాతకమంతా చలికాలపు వానలో ఉంది. అక్టోబరు నుంచి మార్చి వరకు ముసురు బాగా పడితే నేల మీద లేత ఆకు మొలుస్తుంది, వసంతంలో జంటలు కడతాయి, పొదకో సంసారం వెలుస్తుంది. వాన మొండికేసిన ఏడాది చాలా పిట్టలు జంట కట్టనే కట్టవు. గుంపులో ఉన్నవి ఉన్నట్టే ఉండిపోతాయి. కాబట్టి అక్టోబరులో వేట ఎలా ఉంటుందో వేటగాడికి ఫిబ్రవరిలోనే తెలిసిపోతుంది. వన్యప్రాణి శాఖవాళ్లు వసంతంలో తెల్లవారుజామున నిర్ణీత దారుల వెంట ఆగి ఆగి, మగ కౌజుల కూతలు చెవులతో లెక్కపెట్టి ఏడాది అంచనా చెబుతారు.

గుర్తుంచుకోండి, ఇది ఎగరమంటే పరిగెత్తే పిట్ట. కుక్క పసిగట్టి బిగుసుకుని నిలబడుతుంది. వేటగాడు మెల్లగా దగ్గరికి వెళతాడు. తీరా చూస్తే పిట్టలు అక్కడ ఉండవు, యాభై గజాల అవతల ఏటవాలు ఎక్కుతుంటాయి. మళ్లీ నడక. చదునైన నేల ఎక్కడా ఉండదు. కాలి కింద పట్టు లేని గులకరాళ్లు, చేతికందేదల్లా ముల్లు. రోజుకు 15 పిట్టలు కొట్టవచ్చని చట్టం అంటుంది. నాలుగు దొరికితే చాలనుకుంటూ ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ.

ఆ నడకలో అసలు కష్టం కుక్కది. అక్టోబరులో కూడా పగలు 30 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడమే దానికున్న ఫ్యాను. వేటగాడి వీపు సంచిలో మోసే నీళ్లలో సగానికి పైగా దానికే. పది గంటలకల్లా బండి దగ్గరికి వచ్చేయాలి. వేట మంచి ఊపు మీద ఉందని ఇంకో గంట ఆగి కుక్కను పోగొట్టుకున్నవాళ్లు అక్కడ ఉన్నారు.

మరో శత్రువు చోయా అనే ముళ్లజెముడు. దీని కొమ్మ గుత్తులు గుత్తులుగా ఉంటుంది, అలా రాసుకుంటే చాలు విరిగి ఒంటికి పట్టుకుంటుంది. ముల్లుకు కంటికి కనిపించని వెనక్కి తిరిగిన పొలుసులుంటాయి. లోపలికి దిగడం సులువు, బయటికి రావడం నరకం. కుక్క పాదానికి గుచ్చుకుంటే అది నోటితో లాగబోతుంది, అప్పుడు నాలుకకూ పెదవికీ అంటుకుంటుంది. అందుకని అక్కడి వేటగాళ్ల జేబులో తప్పకుండా ఉండే పనిముట్టు ఒకటుంది. ఏమిటో ఊహించండి. దువ్వెన. చర్మానికీ ముళ్ల ఉండకూ మధ్య దువ్వెన పళ్లు దూర్చి ఒక్క విదిలింపు విదిలిస్తే ఉండ ఎగిరి అవతల పడుతుంది. ఎటు విదిలిస్తున్నామో చూసుకోవాలి, పక్కవాడి తొడ మీద పడితే స్నేహం చెడుతుంది. మిగిలిన ముళ్లు పట్టకారుతో ఒక్కొక్కటీ పీకాలి. కుక్క మూలుగుతూ, కదలకుండా, యజమాని మొహంలోకి చూస్తూ పడుకుంటుంది.

పాముల సంగతి చెప్పకపోతే ఎడారి కథ పూర్తికాదు. తోక చివర గిలక్కాయ ఆడించే పాములు అరిజోనాలో 13 జాతులున్నాయి. వేటకుక్కలకు వీటి గురించి పాఠం చెప్పించే శిక్షకులున్నారు. కాటు వేయకుండా మూతి కట్టిన పామును నేల మీద వదిలి, కుక్క వాసన చూడబోగానే మెడ పట్టీలో చిన్న షాక్ ఇస్తారు. రెండుసార్లు అయ్యేసరికి ఆ వాసనంటేనే కుక్క పది అడుగులు వెనక్కి దూకుతుంది. ముచ్చటైన పద్ధతి కాదు, కానీ కాటు ఖరీదు అంతకంటే ఎక్కువ. దుమ్ములోనూ ఒక ప్రమాదం ఉంది. ఆ నేలలో బతికే ఒక బూజు ఊపిరితో లోపలికి పోతే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు చేస్తుంది. అది మనుషులకూ వస్తుంది, కుక్కలకూ వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. గాంబెల్ కౌజుకు ఆ పేరు విలియం గాంబెల్ అనే ఫిలడెల్ఫియా కుర్రాడి నుంచి వచ్చింది. ప్రకృతి పరిశోధకుడు, వైద్యం కూడా చదివాడు. 1849లో కాలిఫోర్నియా బంగారు గనుల దగ్గర టైఫాయిడ్ వచ్చి, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే పోయాడు. మెక్సికో సరిహద్దు గడ్డి కొండల్లో మెర్న్స్ కౌజు అని ఇంకో పిట్ట ఉంది. ఎడ్గార్ మెర్న్స్ సైన్యంలో డాక్టరు. ఆ కొండల్లో తిరిగే చిన్న తెల్లతోక జింకకు ఎలియట్ కౌజ్ పేరు పెట్టారు. ఆయనా సైన్యంలో డాక్టరే. తుపాకీ గాయాలకు కట్లు కట్టినవాళ్ల పేర్లు తుపాకీ గురిలో పడే జీవాలకు అతుక్కున్నాయి.

తెలుగు చెవికి ఇంకో తమాషా కూడా ఉంది. ఎలియట్ ఇంటిపేరును ఆయన వంశం వాళ్లు 'కౌజ్' అనే పలికేవారు. మనకు కౌజు అంటే పిట్ట, వాళ్లకు జింక. పైగా అరిజోనా వేటగాళ్లు ఎవరూ దాన్ని సరిగా పలకరు, 'కూజ్' అంటారు. మనకు కూజా అంటే నీళ్ల కుండ. ఆ ఎడారి కథంతా ఈ రెండు మాటల్లోనే ఉన్నట్టుంది.

మెర్న్స్ కౌజు స్వభావం గాంబెల్ కౌజుకు పూర్తిగా వ్యతిరేకం. ఇది పరిగెత్తదు. గడ్డిలో నక్కి, కాలు మీద పడబోయేదాకా కదలదు. పొడవాటి గోళ్లతో నేల తవ్వి తుంగ గడ్డల్లాంటివి తింటుంది. చలికాలపు ముసురుతో దీనికి పనిలేదు, వేసవి చివరి ఉరుముల వానకు గడ్డి పెరిగాక గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆలస్యంగా ఎదుగుతాయి కాబట్టి దీని వేట డిసెంబరులో గానీ తెరవరు. ఒకే రాష్ట్రం, రెండు కౌజులు, రెండు వానలు, రెండు క్యాలెండర్లు.

ఇప్పుడు పెద్ద జంతువులు. దీనికి డబ్బు పట్టుకుని దుకాణానికి వెళితే సరిపోదు. జింకకైతే జూన్‌లో దరఖాస్తు పెట్టాలి, లాటరీలో పేరు రావాలి. వచ్చినవాడికి ఏ ప్రాంతంలో, ఏ తేదీల మధ్య, ఏ జంతువు, ఒక్కటంటే ఒక్కటి కొట్టవచ్చో రాసి ఒక ట్యాగు ఇస్తారు. రానివాడికి ఒక బోనస్ పాయింటు ఇస్తారు, అంటే వచ్చే ఏడు అతని చీటీలు కాస్త ఎక్కువ. రేషన్ కార్డు కోసం తిరిగినవాళ్లకు ఈ ఓపిక కొత్త కాదు.

అక్టోబరు, నవంబరుల్లో కౌజ్ జింక వేట ఉంటుంది. పెద్ద మగది కూడా 45 కిలోల దగ్గర ఆగిపోతుంది. రంగు రాయిరంగు. కదలకపోతే ఎదురుగా ఉన్నా కనిపించదు. బూడిద దెయ్యం అని దానికి ముద్దుపేరు. ఈ జింకను ప్రపంచానికి చాటినవాడు జాక్ ఓకానర్. 1902లో అరిజోనాలో పుట్టాడు, అప్పటికి అది ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించిన మొదటి ఆచార్యుడు. తర్వాత 'ఔట్‌డోర్ లైఫ్' పత్రికలో తుపాకుల శీర్షిక దశాబ్దాల పాటు నడిపాడు. ఎడారి వేట మీద ఆయన పుస్తకం 1939లో వచ్చింది. ఎన్నో దేశాలు తిరిగి పులుల్ని కూడా వేటాడినవాడు, ఈ మేకంత జింక దగ్గరికి వచ్చేసరికి దాని తెలివికి దండం పెట్టాడు.

ఈ వేటలో నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ. చీకటి ఉండగానే ఒక కొండ కొమ్ము ఎక్కి, మూడుకాళ్ల స్టాండు మీద 15 రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ బిగించి, ఎదుటి కొండను గళ్లు గళ్లుగా చూడటం మొదలుపెడతాడు. ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, మడతపెట్టిన చీరలో చిరుగు వెతికినట్టు. జింక కోసం చూస్తే జింక దొరకదు. చెవి కదలిక కోసం చూడాలి. నిలువుగా పెరిగిన పొదల మధ్య అడ్డంగా ఉన్న గీత ఎక్కడుందో చూడాలి. అది వీపు కావచ్చు.

తొమ్మిదింటికి జింకలు నీడ చూసుకుని పడుకుంటాయి. కొత్తవాళ్లు అక్కడితో ఇక లాభం లేదని దిగిపోతారు. అనుభవం ఉన్నవాడు కదలడు. సూర్యుడు జరుగుతుంటే నీడ జరుగుతుంది. నీడ జరిగితే జింక ఒంటి మీద ఎండ పడుతుంది. అప్పుడది లేచి, రెండడుగులు వేసి, మళ్లీ నీడలో పడుకుంటుంది. ఆ లేచిన పది సెకన్లే అతనికి అవకాశం. దానికోసం నాలుగు గంటలు కళ్లు బైనాక్యులర్‌కు అతికించుకుని కూర్చుంటాడు.

తూటా తగిలాక మొదలయ్యేది పరుగు. పేగులు తీసేయాలి, తోలు వలిచేయాలి, వేడి బయటికి పోవాలి. మాంసం ఎముకల నుంచి విడదీసి, గాలి ఆడే నూలు సంచుల్లో కట్టి, చెట్టు నీడన వేలాడదీయాలి. తర్వాత వీపు మీద మోసుకుని కొండ దిగాలి. బండి చాలా దూరంలో ఉంటుంది. ఆ బండి పక్కల నిండా మెస్కీట్ కొమ్మలు గీసిన సన్నటి గీతలుంటాయి, వాటికి అక్కడివాళ్లు 'అరిజోనా చారలు' అని పేరు పెట్టుకున్నారు. తినదగిన మాంసం అడవిలో పారేసి రావడం, వేట మాంసం అమ్ముకోవడం రెండూ నేరాలే. ఇంటి ఫ్రిజ్‌కి చేరాల్సిందే.

ఇదే ఎడారిలో కంచరగాడిద చెవులంత చెవులున్న మరో జింక కూడా ఉంది. దాని కథ వేరే రోజు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. రెండు జింకలూ పిల్లల్ని కనేది జూలై, ఆగస్టుల్లో, ఉరుముల వానకు పచ్చిక మొలిచే వేళకే.

జనవరి, ఫిబ్రవరి నెలలు హావెలీనావి. చూడ్డానికి పంది, కానీ పంది కాదు. అమెరికా ఖండాలకే పరిమితమైన వేరే కుటుంబం. ఇరవై కిలోల చిల్లర బరువు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ, గుంపుగా తిరుగుడు. కంటిచూపు అంతంత మాత్రం. ముక్కు మాత్రం అమోఘం. గాలి మన మొహానికి కొడుతుంటే బాణం వేసే దూరానికి వెళ్లవచ్చు. గాలి తిరిగిందా, గుంపంతా దంతాలు టకటకలాడిస్తూ నాలుగు దిక్కులకూ పారిపోతుంది. అందుకే విల్లు పట్టినవాళ్లకు ఇది ఇష్టమైన వేట. బాణాలవాళ్లకు, మందు దట్టించే పాతకాలపు తుపాకులవాళ్లకు, మామూలు రైఫిళ్లవాళ్లకు వేర్వేరు వారాలు కేటాయిస్తారు.

చలి ఉదయాల్లో హావెలీనాలు తూర్పు వాలుల మీద ఎండ కాగుతూ కనిపిస్తాయి. కనిపించకపోతే నాగజెముడు మట్టల్ని చూడాలి. కసిగా కొరికి, పీచు వేలాడుతూ వదిలేసిన మట్ట తడిగా ఉంటే గుంపు దగ్గర్లోనే ఉన్నట్టు. ముళ్లతో సహా నమిలేస్తాయి, నీళ్లు చాలావరకు దాని నుంచే తెచ్చుకుంటాయి. వాటి వీపు వెనక భాగంలో ఒక వాసన గ్రంథి ఉంటుంది. ఆ జుట్టు తాకిన చేత్తో మాంసం తాకితే ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. హావెలీనా మాంసం బాగుండదని చెప్పే చాలామంది చేతులు కడుక్కోనివాళ్లే. శుభ్రంగా కోసి, ఎండుమిర్చి పట్టించి, సన్నసెగ మీద ఉడికిస్తే మెక్సికన్ ఇళ్లలో ఇష్టంగా తింటారు.

చివరగా, చాలామందికి దొరకనిది. ఎడారి కొండగొర్రె. చుట్ట తిరిగిన బరువైన కొమ్ములు, నిట్టనిలువు బండల మీద నడక. అరిజోనాలో ఒక మనిషికి జీవితంలో ఒక్కటే. ట్యాగులు చాలా కొద్ది, దరఖాస్తులు వేలు. ముప్ఫై ఏళ్లు దరఖాస్తు పెట్టి, మోకాళ్లు పోయాక ట్యాగు వచ్చినవాళ్లున్నారు.

ఈ గొర్రె ఇవాళ ఉందంటే స్కౌట్ పిల్లలకు కూడా కొంత పేరు ఇవ్వాలి. గనులవాళ్లు ఇష్టం వచ్చినట్టు చంపడం వల్ల, పెంపుడు గొర్రెల రోగాలు సోకడం వల్ల 1930ల నాటికి ఇవి బాగా తగ్గిపోయాయి. ఫ్రెడరిక్ బర్న్‌హామ్ అనే పాత సైనిక స్కౌట్ చొరవతో 1936లో అరిజోనా బాయ్ స్కౌట్లు ఉద్యమం మొదలుపెట్టారు. బడుల్లో పోస్టర్లు వేశారు, రేడియోలో మాట్లాడారు. అవును, రేడియోలోనే. 1939లో కోఫా, కబేజా ప్రియేటా అనే రెండు అభయారణ్యాలు ఏర్పడ్డాయి. కోఫా అంటే ఏదో ఆదివాసీ పేరనుకునేరు. 'కింగ్ ఆఫ్ అరిజోనా' అనే బంగారు గని ముద్రలోని పొడి అక్షరాలవి.

అభయారణ్యం ఇచ్చారు సరే, నీళ్లో? కొండల్లో బండలు కోసుకుపోయి ఏర్పడిన సహజమైన గుంటలుంటాయి, వాటిని స్పానిష్‌లో తినాహా అంటారు. మట్టి కాగు అని అర్థం. అవి ఎండితే గొర్రెలు చస్తాయి. అందుకని మనుషులు కొండవాలున తొట్లు కట్టారు. వాన నీటిని ఒక రేకు మీదో, సిమెంటు వాలు మీదో పట్టి నేల కింది ట్యాంకుకు పంపుతారు, అక్కణ్ణుంచి చిన్న తొట్టిలోకి వస్తుంది. కరవు ఏడు వస్తే లారీలతో, లారీ వెళ్లలేని చోటికి హెలికాప్టర్లతో నీళ్లు మోస్తారు. ఈ ఖర్చులో చాలా భాగం వేటగాళ్ల జేబు నుంచే. లైసెన్సు ఫీజులు ఒకటి. 1937 చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచే 11 శాతం పన్ను ఇంకొకటి.

తొట్లు కట్టడం అంతా మంచే అని కూడా అనలేం. కోఫాలో 2000లో 800 పైచిలుకు ఉన్న గొర్రెలు 2006 నాటికి 400కు లోపు పడిపోయాయి. అభయారణ్యం వాళ్లు మరో రెండు నీటి తొట్లు కట్టారు. మనిషి కట్టడాలు ఉండకూడని చోట ఎందుకు కట్టారని పర్యావరణవాదులు కోర్టుకెక్కారు. అవి నిజంగా అవసరమేనా అన్నది సరిగా తేల్చకుండానే కట్టారని 2010లో అప్పీలు కోర్టు తప్పుపట్టింది. రెండు పక్షాలూ గొర్రెను ప్రేమించేవే. ఎడారిని ఎడారిగా ఉండనివ్వాలా, గొర్రెను బతికించాలా అన్న చోట వాళ్ల దారులు చీలాయి. ఇందులో వేటగాళ్లు తొట్ల పక్షం.

నీటి చుట్టూ ఇంకా కట్టుబాట్లున్నాయి. నీటిగుంటకు పావు మైలు లోపల, జంతువులు నీటికి రావడానికి అడ్డయ్యేలా గుడారం వేయకూడదు. దాహంతో వచ్చిన జంతువు మనిషిని చూసి వెనుదిరిగితే ఆ రాత్రికి దానికి ఇంకో గుంట ఉండకపోవచ్చు. తొట్ల దగ్గర చెట్లకు కెమెరాలు కట్టి, ఏ కొమ్ములు ఎన్నింటికి వస్తున్నాయో ఫోనులో చూసుకునే అలవాటు ఈమధ్య ముదిరింది. 2022 జనవరి నుంచి వేట కోసం అలా కెమెరాలు వాడటం అరిజోనాలో నిషేధం. మంచి పని చేశారు. పావుగంటకోసారి ఫోను మోగి చెబితే, ఆ నాలుగు గంటల బైనాక్యులర్ తపస్సుకు అర్థమేముంది?

ఆ ఎడారిలో వేటకు అస్సలు అనుమతి లేని జీవి కూడా ఒకటుంది. సొనోరా ప్రాంగ్‌హార్న్, లేడి లాంటి జంతువు. 2002 కరవులో అమెరికా వైపు మిగిలినవి 21. కంచె వేసి, నీళ్లు పెట్టి, పిల్లలు పుట్టించి మళ్లీ పెంచుకొస్తున్నారు. ఒక్క ఏడాది వాన మొహం చాటేస్తే ఎంతదాకా వస్తుందో ఆ 21 అనే అంకె చూస్తే తెలుస్తుంది.

ఫిబ్రవరి చివరికి తుపాకులు బీరువాలోకి వెళతాయి. మార్చి, ఏప్రిల్‌లో కౌజుల కూతలు. మే నెలలో సవారో అనే స్తంభంలాంటి జెముడు పూస్తుంది. నలభై అడుగుల ఎత్తు కూడా పెరుగుతుంది, చేతుల్లాంటి కొమ్మ రావడానికే యాభై ఏళ్లకు పైన పట్టవచ్చు. దాని తెల్లటి పూలలో మూతులు పెట్టి, పుప్పొడి మొహానికి పూసుకుని తిరిగేది ఎవరనుకున్నారు? సెప్టెంబరు 1న గట్టు మీద కూర్చుని చూసిన ఆ తెల్లరెక్క గువ్వలే.

జూన్ అన్నిటికంటే క్రూరమైన నెల. చలికాలపు తడి పోయింది, ఉరుముల వాన ఇంకా రాలేదు. 2023 వేసవిలో ఫీనిక్స్ నగరంలో 31 రోజులు వరసగా 43 డిగ్రీలు దాటింది. ఇప్పుడు మన వేటగాడి బండి వెనక తుపాకీ ఉండదు, నీళ్ల ట్యాంకు ఉంటుంది. శనివారం తెల్లవారకముందే పదిమంది స్వచ్ఛంద సేవకులతో కలిసి కొండ మొదట్లోకి వెళ్లి తొట్టిలో నాచు తీసి, పగిలిన పైపు మార్చి, ట్యాంకు నింపి వస్తారు. తొట్టి అంచున తడి మట్టిలో అడుగుల గుర్తులు చూస్తాడు. హావెలీనా ఒకటి, నక్క ఒకటి, కౌజులు ఎన్నో లెక్కలేదు. ఒక మూల రెండుగా చీలిన గిట్టల గుర్తు, కాస్త పెద్దది. గొర్రెదే.

ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ దరఖాస్తు పెట్టాడు. జూలైలో ఫలితాలు వచ్చాయి. కౌజ్ జింక ట్యాగు వచ్చింది. కొండగొర్రె ఈసారీ రాలేదు, ఇంకో బోనస్ పాయింటు చేరింది.